చాకులాంటి కుర్రవాడు

ఉపాధ్యాయులలో తరతరములుగా చెల్లుబడి అగుచున్న మెప్పుమాట ఒకటి ఉన్నది. చురుకైన విద్యార్థిని చూచినప్పుడు "చాకులాంటి కుర్రవాడు" అందుము. మా గురువులు మమ్ములను గూర్చి ఆ మాట అన్నారు. మేము మా శిష్యులను గూర్చి అనుచున్నాము. మూడేండ్ల క్రిందట ఒకనాడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరపు తరగతిలో అలంకారములు చెప్పుచు ఈ మాటనే ఉదాహరణముగా తీసికొన్నాను. కుర్రవాడు ఉపమేయము, చాకు ఉపమానము, 'లాంటి' అనునది ఉపమావాచకము. సమానధర్మమైన చురుకుదనము మాటలో లేదు, వినువాడు ఊహించుకొనవలసినదే. కావున ఇది లుప్తోపమ అని నల్లబల్లమీద వ్రాసి, పిల్లలవైపు తిరిగి, "మీలో చాకును చూచినవారెవరు?" అని అడిగినాను.

డెబ్బదిమంది ఉన్న తరగతి. ఒకరు వంటింటిలో కూరలు తరుగు ప్లాస్టిక్ పిడి కత్తిని చెప్పినారు. మరియొకరు సినిమాలో దుండగుని చేతికత్తిని చెప్పి అందరిని నవ్వించినారు. అప్పుడు వెనుక బల్లనుండి ఒక అబ్బాయి లేచి, జేబులో చేయి పెట్టి, కొయ్యపిడిగల చిన్న మడతచాకును తీసి, విప్పి, అరచేతిలో పెట్టి చూపినాడు. "ఇదండి" అన్నాడు.

తరగతి నిశ్శబ్దమైనది. అడిగినది నేనే అను సంగతి నేను మరచిపోయినాను. నాలోని పాఠము చెప్పువాడు మాయమై, కావలివాడు మేలుకొన్నాడు. "ఇటు తే" అన్నాను. అబ్బాయి అలుగును మడిచి, పిడి నావైపునకు త్రిప్పి ఇచ్చినాడు. ఆ ఇచ్చిన తీరును అప్పుడు నేను గమనింపలేదు. ఆ సాయంకాలము క్రమశిక్షణ పుస్తకములో అతని పేరు ఎదుట "తరగతికి ఆయుధము తెచ్చినాడు" అని వ్రాసినది నా చేయియే. మరునాడు అతని తండ్రిని పిలిపించినాము. ఆయన తుండుగుడ్డను చేతిలో నలుపుచు, "ఆయుధం కాదండి బాబూ, మావిడికి అంటు కట్టే చాకండి. తెల్లారగట్ల నర్సరీలో పని చేసుకుని అట్నుంచి అటే కాలేజీకొచ్చేత్తాడండి" అన్నాడు. క్షమాపణపత్రము తీసికొని వారిని పంపినాము. చాకును మాత్రము సంవత్సరాంతమున ఇచ్చెదమని నా సొరుగులోనే ఉంచినాను.

సొరుగు తెరచిన ప్రతిసారి అది కంటబడెడిది. కంటబడినప్పుడెల్ల మా తాతగారు జ్ఞాపకము వచ్చెడివారు.

మా తాతగారు గ్రామకరణము. 1984లో ప్రభుత్వము ఆ ఉద్యోగములను రద్దు చేయువరకు ఊరి లెక్కలన్నియు ఆయన చేతిలోనే ఉండెడివి. ఆయన బొడ్డులో ఎల్లప్పుడు ఒక మడతచాకు ఉండెడిది. అది పడుచుతనమున రెల్లుకలములు చెక్కుకొనుటకు కొన్న చాకు. కలము చెక్కుట యొక చిన్న శాస్త్రము. రెల్లుపుల్ల కొనను ఏటవాలుగా కోయవలె. కోసిన నాలుకను సన్నము చేయవలె. నడుమ సిరా దిగుటకు సన్నని చీలిక వేయవలె. పిదప ములుకును బొటనవ్రేలి గోటిమీద ఆనించి ఒక్క వేటుతో అడ్డముగా తెగగొట్టవలె. ఆ చివరి వేటు తిన్నగా పడకున్న అక్షరము తిన్నగా రాదు. నాకు బుద్ధి తెలియునాటికి ఇంటిలో బాల్‌పెన్నులే ఉన్నవి. అయినను తాతగారి చాకునకు పని తగ్గలేదు. పెన్సిలు చెక్కుటకు, వేపపుల్ల కోయుటకు, ఉత్తరము తెరచుటకు, మామిడికాయ చెక్కు తీయుటకు, పురికొస త్రెంచుటకు అదియే.

నాకు తొమ్మిదేండ్ల వయసున ఆ చాకును ఆయన నా చేతికిచ్చినారు. ఇచ్చుచు మూడు మాటలు చెప్పినారు. కోత ఎప్పుడును ఒంటినుండి బయటికి సాగవలె. మరియొకరికి ఇచ్చునప్పుడు మడిచి, పిడి వారివైపునకు పెట్టి ఇయ్యవలె. తెరచిన చాకుతో లేచి నడువరాదు. మూడవ దినముననే మొదటి మాటను మీరి ఎడమచేతి చూపుడువ్రేలు కోసికొన్నాను. మా అమ్మ పసుపు అద్ది కట్టు కట్టుచు, చాకును వెంటనే లాగికొనుమని తాతగారితో కలహించినది. ఆయన, "ఎందుకు తెగిందో వాడికి ఇప్పుడే తెలిసిందే అమ్మాయీ. ఇప్పుడు లాగేసుకుంటే ఆ తెలిసింది కూడా పోతుంది" అన్నారు. ఆ మచ్చ ఇప్పటికిని ఉన్నది. పిదప ఎన్నడును వ్రేలు తెగలేదు.

దసరాలలో ఆయుధపూజనాడు మా ఇంటిలో పారలు, కొడవళ్లు, గునపములు ఒకవైపును, పుస్తకములు, లెక్కల కట్టలు మరియొకవైపును పెట్టి కుంకుమ పెట్టెడివారు. తాతగారు ఆ చాకును పుస్తకముల ప్రక్కనే పెట్టెడివారు. అది ఏలనో అడుగవలెనని నాకు అప్పుడు తోచలేదు.

కత్తిని, కలమును మనము వేరువేరు కులములుగా భావింతుము. 13వ శతాబ్దిలో నెల్లూరు సీమలో వర్ధిల్లిన ఒకే వంశమువారిలో యుద్ధము చేసినవానిని ఖడ్గతిక్కన అని, భారతము వ్రాసినవానిని కవితిక్కన అని వేరుచేసి చెప్పుకొన్న జాతి మనది. కాని కవితిక్కనల చేతిలోను కత్తి ఉండెడిది. తాటాకును కమ్మగా కోయవలెనన్న, అంచులు సరిచేయవలెనన్న కత్తి లేక గడవదు. గంటమును, కత్తి అలుగును ఒకే పిడిలోనికి మడిచి అమర్చిన ఇనుప సాధనములు దక్షిణదేశపు ప్రదర్శనశాలలలో నేటికిని చూడవచ్చును. ఒకవైపు విప్పిన గంటము, మరియొకవైపు విప్పిన కత్తి. వ్రాతగాడు నడుమున దోపుకొని తిరిగిన చాకు అది.

పడమటి దేశముల కథయు ఇట్టిదే. అక్కడివారు పక్షి ఈకలతో వ్రాయుదురు. ఈక మొన అరిగినకొలది చెక్కుచుండవలె. మధ్యయుగపు చిత్రపటములలో వ్రాయసకాని కుడిచేతిలో ఈకయు, ఎడమచేతిలో చిన్నకత్తియు ఉండును. ఆ కత్తికి మరియొక పనియు ఉన్నది. చర్మపత్రముమీద తప్పు వ్రాసినచో, సిరా ఎండిన పిదప ఆ కత్తితోనే గీకి తప్పును తీసివేసి మరల వ్రాయుదురు. ఇంగ్లీషువారు నేటికిని జేబుచాకును 'పెన్‌నైఫ్' అందురు. ఈకలు పోయి రెండు శతాబ్దములు కావచ్చినను పేరులో కలము నిలిచియున్నది.

ఆ పెన్‌నైఫుల కథలో మన మాట యొకటి ఉన్నది. 18వ శతాబ్ది చివర బొంబాయినుండి స్కాట్ అను వైద్యుడు కొన్ని ఉక్కుదిమ్మలను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బాంక్స్‌కు పంపినాడు. జార్జి పియర్సన్ వానిని పరీక్షించి 1795లో ఒక వ్యాసము ప్రకటించినాడు. అధ్యక్షుని కోరికమీద స్టోడార్ట్ అను కత్తులపనివాడు ఆ ఉక్కు ముక్కను కాచి, కొట్టి, ఒక పెన్‌నైఫ్ చేసినాడనియు, దాని వాదర శ్రేష్ఠమైన ఉక్కుకత్తి వాదరకు తీసిపోలేదనియు ఆ వ్యాసములో ఉన్నది. ఇదే స్టోడార్ట్ పిమ్మట మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమములమీద పరిశోధనలు చేసినాడు. 1819లో ఫారడే ఈ భారతీయపు ఉక్కును విశ్లేషించినాడు. విద్యుచ్ఛక్తి పాఠములలో పిల్లలు చదువు ఫారడే ఇతడే.

ఆ ఉక్కును వారు 'వూట్జ్' అన్నారు. తెలుగు కన్నడములలోని 'ఉక్కు' శబ్దమే వారి నోట అట్లు మారినదని పలువురు పండితుల అభిప్రాయము. ఇనుమును ఆకులు, కట్టెముక్కలతో కూడ మట్టిమూసలో పెట్టి మూసి, చాలసేపు కాచి, మెల్లగా చల్లార్చుదురు. కట్టెలలోని కర్బనము ఇనుములో కలిసి అది ఉక్కగును. ఇట్టి ఉక్కునకు నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము పెట్టినది పేరు. పారశీక వర్తకులు ఆ ఉక్కుదిమ్మల కొరకు అంతదూరమునుండి వచ్చి ఆ యూరిలో మకాము చేసెడివారు. చిత్రమేమనగా, మన ఊరి ఉక్కు పారశీకమునకు పోయినది. పారశీకమునుండి 'చాకు' అను మాట ఉర్దూ మీదుగా మనకు వచ్చినది. మనకు కఠారి, బాకు, సురియ, చురకత్తి వంటి మాటలు ముందే ఉన్నను, జేబులో ఇముడు మడతకత్తికి ఈ పరదేశపు పేరే స్థిరపడినది. ఆ పేరే మెప్పుమాట యైనది. "బాకులాంటి కుర్రవాడు" అని ఎవరును అనరు.

మడతచాకు చూచుటకు చిన్నదే కాని దానిలో ఒక యుక్తి ఉన్నది. అలుగు మొదలు పలకలుగా ఉండును. పిడి వెన్నులో ఒక ఉక్కుపట్టీ స్ప్రింగువలె దానిని అదుముచుండును. తెరచినపుడును, మూసినపుడును ఆ పలక పట్టీ క్రిందికి వచ్చి 'టక్' మని కూర్చుండును. అలుగు ప్రక్కన గోరు పట్టుటకు సన్నని గాడి ఉండును. ఈ ఏర్పాటునకు ఒక లోపము కలదు. అలుగు వెన్నుమీద ఒత్తిడి పడినచో చాకు ముడుచుకొని వ్రేళ్లమీద పడవచ్చును. దానికి విరుగుడుగా పలువురు పలువిధములైన తాళములు కనిపెట్టినారు. ఫ్రాన్సులోని సవాయ్ కొండసీమలో జోసెఫ్ ఒపినెల్ అను పనివాడు 1890లో కొయ్యపిడితో రైతులకు చౌకచాకులు చేయ మొదలుపెట్టినాడు. 1955లో ఆ చాకునకు పిడి మెడలో త్రిప్పు ఉక్కు ఉంగరము చేరినది. ఉంగరమును త్రిప్పినచో అలుగు కదలదు. చూచుటకు బాలక్రీడ, పనికి బ్రహ్మాండము.

జేబుచాకులలో జగత్ప్రసిద్ధమైనది స్విట్జర్లండు సైనికుల చాకు. దాని చరిత్ర చిన్నపరిశ్రమలవారు చదువదగినది. షుయిజ్ పట్టణము చెంత ఇబాక్‌లో 1884లో కార్ల్ ఎల్సెనర్ కత్తుల పని పెట్టినాడు. స్విస్ సైన్యము తన భటులకు మడతచాకులు కావలెనన్నపుడు అంత మొత్తము చేయగల కార్ఖానా దేశములో లేక, మొదటివి జర్మనీలోని జోలింగెన్ నుండి వచ్చినవి. ఎల్సెనర్ ఊరకుండలేక తోటి పనివారిని కూడగట్టి 1891లో తన చాకులను సైన్యమునకు అందించినాడు. జోలింగెన్ వారు తక్కువ ధరకు ఇచ్చుచుండుటచే ఇతడు అప్పులపాలైనాడు. బంధువులు ఆదుకొన్నారు. 1897లో ఒకే స్ప్రింగుపట్టీకి రెండువైపుల అలుగులు అమర్చి తేలికైన చాకును చేసి నమోదు చేయించినాడు. దానితో అతని దశ తిరిగినది. 1909లో అతని తల్లి విక్టోరియా గతించినది. ఆమె పేరు చాకుల గుర్తైనది. 1921లో తుప్పుపట్టని ఉక్కును వాడుకలోనికి తెచ్చి, ఆ ఉక్కుపేరును తల్లిపేరునకు చేర్చి 'విక్టోరినాక్స్' అన్నారు. భటుల చాకులో మొదట ఉన్నవి నాలుగే: అలుగు, డబ్బాలు తెరచు పరికరము, మరచుట్టు, బెజ్జము వేయు మొన. వీనిలో శత్రువును పొడుచుటకు పెట్టినది ఒక్కటియు లేదు. భటుడు అన్నము తినవలె, తుపాకి విప్పి తుడుచుకొనవలె, అందులకే చాకు.

ఇక వేటకత్తి మాట. వేట అనగానే పెద్దకత్తి, పులితో పెనుగులాట మన మనసునకు వచ్చును. జర్మన్ ప్రభువుల వేటలలో అట్టి పొడవైన కత్తి ఉండెడిది. గాయపడిన దుప్పిని, పందిని దగ్గరకు పోయి పొడిచి చంపుటకును, అంతకు మించి మొలలో వ్రేలాడవేసికొని దర్పము చూపుటకును అది పనికివచ్చెడిది. నిజముగా అడవిలో తిరుగువారు మెచ్చిన కత్తులు వేరు. ఫిన్‌లాండు దేశీయుల 'పూకో' కత్తికి అలుగు పొడవు వాడువాని అరచేతి వెడల్పు ఉన్న చాలును. అది మడతకత్తి కాదు. తోలు ఒరలో మొలకు వ్రేలాడును. వేటలో, చేపలు పట్టుటలో, కొయ్యపనిలో అదియే. ఆ దేశములో గౌరవముగా ఇచ్చు కానుకలలో పూకో యొకటి.

వేటకత్తి ప్రయోజనము చంపుట కాదు. చంపుట బాణమో, గుండో చేసిపోవును. అసలు పని ఆ పిమ్మట మొదలగును. చర్మము చినుగకుండ ఒలువవలె. ప్రేగులు తెగకుండ కడుపు తెరవవలె. తెగినచో మాంసము చెడును. అందుచేత మొన మరీ పైకి లేచియున్న కత్తి పనికిరాదు. వెన్ను మెల్లగా క్రిందికి వాలి మొనను కలిసికొనవలె. వాదర కడుపు ఉబ్బినట్లు వంగియుండవలె. ఈ ఆకారమును అమెరికాలో ప్రచారము చేసినవాడు బాబ్ లవ్‌లెస్ (1929-2010). అతడు పడుచుతనమున ఓడమీద పని చేయుచు, ఒక ప్రసిద్ధుని చేతికత్తి కొనబోయినాడు. నెలల తరబడి ఎదురుచూడవలెనని అంగడివారు చెప్పినారు. అంతట పాత మోటారుకారు స్ప్రింగు ముక్కను సంపాదించి తానే కత్తి చేసికొన్నాడు. మన కమ్మరులు లారీ స్ప్రింగుపట్టాతో కొడవలి కొట్టుట ఎరిగినవారికి ఈ కథ క్రొత్తగా తోచదు. 1964లో అమెరికాలోనే బక్ అను కుటుంబమువారి కార్ఖానా వేటకత్తిని కూడ తాళముగల మడతకత్తిగా చేసి అమ్మినది. అంతటితో వేటకత్తి సయితము జేబుచాకునకు చుట్టమైనది.

మన అడవులలోను వేటకాని కత్తి చిన్న పనిముట్టే. నల్లమలలోని చెంచుల జీవనమును గూర్చి ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ వ్రాసిన గ్రంథము 1943లో వెలువడినది. విల్లమ్ములు, గొడ్డలి, దుంపలు త్రవ్వు కర్ర, కత్తి. ఇంతే వారి ఆస్తి. కత్తి వెదురు చీల్చుటకు, తేనెపట్టు కోయుటకు, త్రాళ్లు త్రెంచుటకు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. దేశములో వేట వినోదముగా సాగిన కాలము ముగిసినది. అది మంచిదే. వేట పోయినను వేట అను మాట పోలేదు. తెలుగులో 'వేట' అనగా మృగయ యనియు, బలియిచ్చు పశువు అనియు రెండర్థములు. వేటకొడవలి అను మాట నేడు వినబడినచో పిల్లలకు ఈ రెండును స్ఫురింపవు. కక్షలు, హత్యలు, సినిమా ప్రకటనలు స్ఫురించును. ఉత్తరప్రదేశములోని రాంపురపు చాకునకును ఇదే గతి పట్టినది. హిందీ సినిమాలు దానిని రౌడీల చేతి కిచ్చినవి. పనిముట్టునకు ఒకసారి అపకీర్తి వచ్చినచో దానిని చేతపట్టిన పనివాని మీదికిని ఆ మచ్చ ప్రాకును. మా తరగతిలో జరిగినదియు అదియే.

ఇచట న్యాయముగా ఒక మాట చెప్పవలె. విద్యాలయముల గేటు దగ్గర కత్తులు కూడదను నియమము అకారణముగా వచ్చినది కాదు. పిల్లల తగవులలో కత్తి దిగిన ఇండ్లలోని దుఃఖమును పత్రికలలో చదువుచునే ఉన్నాము. 2001 సెప్టెంబరు దారుణము తరువాత విమానములలో ప్రయాణికుని చేతిసంచిలో చిన్నచాకును సయితము ఉంచనిత్తురా? నియమము ఉండవలసినదే. కాని మన దేశపు ఆయుధముల చట్టమును చూడుడు. 1959 నాటి ఆ చట్టము క్రింది నియమములు కత్తిని ఆయుధముగా లెక్కించుటకు తొమ్మిది అంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పు అను కొలతలు పెట్టి, ఇంటిపనికి, వ్యవసాయమునకు, శాస్త్రపరిశ్రమలకు ఉద్దేశించిన కత్తులను మినహాయించినవి. చట్టము సయితము "ఇది దేనికి?" అని అడుగుచున్నది. నేను అడుగలేదు.

అడుగుటయే కాదు, కత్తిని పిల్లవాని చేతికిచ్చి నేర్పిన బడులు లోకములో ఉన్నవి. ఫిన్‌లాండులో ఉనో సిగ్నేయస్ అను విద్యావేత్త చొరవతో 1866లో చేతిపని ప్రజాపాఠశాలలలో పాఠ్యవిషయమైనది. స్వీడనులోని నేస్ అను చోట ఓటో సాలమన్ ఉపాధ్యాయులకు చేతిపని నేర్పు విద్యాలయము నడపినాడు. పలుదేశముల గురువులు అక్కడికి పోయి కొయ్యపని నేర్చికొన్నారు. 'స్లాయిడ్' అను ఆ పద్ధతిలో పిల్లవాని చేతికి వచ్చు మొదటి పనిముట్టు రంపము కాదు, ఉలి కాదు, కత్తి. బాలుడు దానిని ఇంటిలో ముందే ఎరుగును గనుక, చేయికి, కంటికి, మనసునకు ఒక్కసారిగా పని చెప్పునది గనుక దానితోనే ప్రారంభింపవలెనని వారి మతము. కోత ఎదురుపోగు వచ్చినచో కొయ్య పెచ్చులూడును. అప్పుడు గురువు దండింపనక్కరలేదు, కొయ్యయే చెప్పును. మన దేశములో 1937లో వార్ధాలో గాంధిగారు చేతిపని మూలముగా చదువు చెప్పవలెనన్నపుడు ఆయన తలపునకు వచ్చినది తకిలి. సాధనము వేరైనను తలపు ఒకటే. తరువాత మనము తకిలిని అటకమీద పెట్టినాము. చాకును సొరుగులో పెట్టినాము. నేడు పెన్సిలు చెక్కుటకు పిల్లవాడు పెన్సిలును ఒక ప్లాస్టిక్ బెజ్జములో పెట్టి త్రిప్పును. వ్రేలు తెగదు. కొయ్యకు పోగున్నదనియు తెలియదు.

సంవత్సరము ముగిసినది. ఆ అబ్బాయి చాకును తీసికొనుటకు రాలేదు. సెలవులలో నేనే దానిని జేబులో వేసికొని కడియము పోయినాను. గోదావరి కాలువ గట్లవెంట మైళ్ల పొడవున పూలమొక్కల, పండ్లమొక్కల తోటలు. తెల్లవారకముందే మొదలగు పని. చెట్టునీడను గోనెపట్టామీద కూర్చుండి అబ్బాయి అంటులు కట్టుచున్నాడు. నన్ను చూచి లేవబోయి, చేతిలో తెరచిన చాకు ఉన్నదని గ్రహించి, ముందు దానిని మడిచి, పిదప లేచినాడు. అది వేరొకరివద్ద ఎరువు తెచ్చికొన్న చాకు.

నేను అతని చాకును తీసి, పిడి అతనివైపునకు త్రిప్పి ఇచ్చినాను. చెప్పవలెననుకొన్న మాటలు చాల ఉండెను, ఒక్కటే వచ్చినది. "తప్పు నాది నాయనా. చూపమన్నది నేనే" అన్నాను. "పోన్లెండి మాస్టారండీ" అని, ఆ మాటను అక్కడితో పోనిచ్చుటకు, పని చూపసాగినాడు.

నాటుమామిడి టెంకనుండి మొలిచిన మొక్క తలను తీసివేసి, కాండమును నడిమికి నిలువుగా చీల్చినాడు. బంగినపల్లి కొమ్మకొనను రెండువైపుల ఏటవాలుగా కోసి, మేకు మొనవలె చేసి, ఆ చీలికలో దిగవేసి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి చుట్టినాడు. అంతయు నిమిషములో ముగిసినది. చాకు అలుగు ఒకవైపే సానబట్టియుండుట అప్పుడు చూచినాను. రెండువైపుల పట్టినచో కోత నడుమ ఉబ్బుగా వచ్చుననియు, ఒకవైపు పట్టిన వాదరయే బల్లవలె చదునుగా కోయుననియు చెప్పినాడు. "సందుంటే అతకదండి" అన్నాడు. నా చేత మూడు అంటులు కట్టించినాడు. రెల్లుకలము చెక్కిన వంశము కదా అని ధీమాగా కూర్చున్నాను. మొదటి రెండు కోతలు ఎగుడుదిగుడుగా వచ్చినవి. "ఒక్క లాగుడులో రావాలండి. మద్దిలో ఆగకూడదండి" అని నా మణికట్టు పట్టుకొని చూపినాడు. నలువది ఐదేండ్ల క్రిందట మా తాతగారు పట్టుకొన్న తీరుననే పట్టుకొన్నాడు.

మూడింటిలో మూడవది అతికినది. అది మా పెరటిలో నడుమెత్తు పెరిగినది. అతుకు దగ్గర బెరడుమీద చిన్న బుడిపె ఉన్నది. అబ్బాయి ఇప్పుడు ఉద్యానవిద్యలో డిప్లొమా చదువుచున్నాడు.

ఆ చదువులో చేరుటకు మా కళాశాలనుండి నడవడి పత్రము కావలసివచ్చి, ఒకనాడు అతడు కార్యాలయమునకు వచ్చినాడు. గుమాస్తా పాత క్రమశిక్షణ పుస్తకము తెరచి, అతని పేరు ఎదుటి మాట చూచి, నావైపు చూచినాడు. చర్మపత్రమైనచో కత్తితో గీకి తీసెడివారము, ఇది కాగితము. ప్రధానాచార్యుని అనుమతి తీసికొని, "ఆయుధము" అను మాటను అడ్డగీతతో కొట్టివేసి, దానిపైన "అంటుకట్టు చాకు" అని వ్రాసినాను. "తెచ్చినాడు" అను మాట తరువాత "లెక్చరరు అడుగగా చూపినాడు" అని చేర్చినాను. క్రింద నా సంతకము, నాటి తేది వేసినాను.